నేను ఎక్కని గుట్ట మీద పదకొండు ఇళ్ళు

రోజూ పొద్దున్న మా నెహ్రూ నగర్ మైదానంలో పాతికమంది పిల్లలు పరిగెడుతుంటారు. సైన్యంలో భర్తీకి ప్రాక్టీసు. నేను వాకింగ్‌కి వెళితే సలాము కొట్టి చుట్టూ చేరతారు. "అంకుల్, ఆప్ తో ఫౌజీ థే నా? బోర్డర్ మీద ఫైటింగ్ చూశారా?" అని అడుగుతారు. నేను సైన్యంలో సర్వేవాణ్ణి, ముప్ఫై ఏళ్ళు మ్యాపులు గీశాను అనగానే వాళ్ళ మొహాలు వాడిపోతాయి. ఒకడైతే "అయితే ఆఫీసు పనా అంకుల్?" అని జాలి కూడా పడ్డాడు.

ఆ జాలి నాకు అక్కర్లేదు. ఈ ఏడు ఆ పిల్లల్లోనే ఇద్దరికి సైన్యం సర్వే పనిలో చోటు దొరికింది. వాళ్ళిద్దరి కోసం ఇది రాస్తున్నాను. ప్రమోషన్ ఎప్పుడొస్తుందో, ఏ ఫారం ఎవరికివ్వాలో మీ యూనిట్లో గుమస్తా చెబుతాడు. అతను చెప్పనిది నేను చెబుతాను. నా పెన్సిలు రాసిన రెండు మాటల వల్ల ఒక మనిషి చచ్చిపోయాడు. వాడు మన భిలాయి కుర్రాడే, మన తెలుగువాడే. చనిపోయాక తప్పంతా వాడిదే అన్నారు. అప్పుడు కూడా నేను నోరు విప్పలేదు.

ఉప్పునీళ్ళు

చేరిన కొత్తలో నన్ను ఎడారిలోకి పంపారు. మా హవల్దార్ సాబ్ గఢ్వాల్ మనిషి. మాట తక్కువ, బూటు చప్పుడు ఎక్కువ. బావుల జాబితా తయారుచెయ్యమని నాకు అప్పగించాడు. ఏ బావి ఎక్కడుంది, నీళ్ళు తియ్యనివా ఉప్పువా అని రాయాలి. నేను పన్నెండు బావులు తిరిగి, పదమూడోది దూరం నుంచి చూసి, గొర్రెలు తాగుతున్నాయి కదా అని "తియ్యనివి" అని రాసేశాను.

సాబ్ జాబితా చూశాడు. నన్ను జీపెక్కించి ఆ బావి దగ్గరికే తీసుకెళ్ళి, బకెట్టు తోడించి, లోటా నా చేతికిచ్చాడు. రెండు గుక్కలకే వాంతి అయింది. "గొర్రె ఏం తాగుతుందో గొర్రె రాసుకుంటుంది. నువ్వు తాగింది నువ్వు రాయి" అన్నాడు.

మా పనికి ఇంతకు మించిన చదువు లేదు. ఊరి పేరు రాయాలంటే ఆ ఊళ్ళో ముగ్గుర్ని అడగాలి. ఇల్లు రాయాలంటే ఆ గుమ్మం దాకా వెళ్ళాలి. ఇప్పుడు మీకు జీపీఎస్ ఉంది, పైనుంచి తీసిన ఫొటోలున్నాయి. అవి మీరు ఎక్కడ నిలబడ్డారో చెబుతాయి. అక్కడ ఎవరు బతుకుతున్నారో చెప్పవు. ఈ ముక్క నేను కొత్తవాళ్ళకి ఇరవై ఏళ్ళు పాఠం చెప్పాను. చెప్పినవాడు పాటిస్తాడని అనుకోకండి.

సోమవారం నుంచి లీవు

ఉత్తరాన సరిహద్దులో, రెండు దేశాలూ మాదంటే మాదనే ఒక గ్రామం. పేరు రాయను, రాయకూడదు. సర్వే కోసం అక్టోబరులో వెళ్ళాం. నేను అప్పటికి సుబేదారుని. నా వెంట ఇద్దరు సర్వేవాళ్ళు, కాపలాకి పదిమంది సిపాయిలు. ఆ పదిమందికి పెద్ద నాయక్ రమణ.

మొదటి రోజే వాడు నా యాస పట్టేశాడు. "సార్, మీరు భిలాయా? మాదీ భిలాయే సార్! మా నాన్న స్టీల్ ప్లాంటులో రోలింగు మిల్లు" అన్నాడు. వాళ్ళ నాన్న పైడిరాజు గారు విజయనగరం దగ్గర పల్లె నుంచి వచ్చి ప్లాంటులో చేరిన మనిషి. రమణ మాత్రం ఇక్కడే పుట్టాడు. తెలుగులో మొదలెట్టి హిందీలో పూర్తిచేసేవాడు. అంత ఎత్తున, ఊపిరి అందని చలిలో, భిలాయి సివిక్ సెంటర్‌లో దోసెలు ఎవరి బండి మీద బాగుంటాయో అని మేమిద్దరం వాదించుకున్నాం.

గ్రామం చిన్నది. వాగు పక్కన ఇరవై ఇళ్ళు. ఆ ఇళ్ళకి పైన గుట్ట. గుట్ట మీద ఇంకో పదకొండు రాతి ఇళ్ళు. దుర్బీనులో చూశాను. తలుపులన్నీ మూసి ఉన్నాయి, పొగ లేదు, గొడ్డు లేదు. రెండింటికి కప్పు మీద కర్రలు కూడా లేవు. కింద ఊళ్ళో ఒక ముసలావిడ కనబడితే మా సామాన్లు మోసే అక్కడి కూలీ చేత అడిగించాను. ఆవిడ చాలాసేపు చేతులు తిప్పుతూ చెప్పింది. కూలీ వచ్చీరాని హిందీలో ఇంతే అన్నాడు: చలికాలం ఊరు ఇది, ఎండాకాలం ఊరు అది. మంచు కరిగాక గొర్రెల్ని తోలుకుని అందరూ పైకి పోతారు. కర్రలు దొరకడం కష్టం కాబట్టి దిగేటప్పుడు కప్పు కర్రలు తీసి దాచుకుంటారు.

అది నా నోటుబుక్కులో పెన్సిలుతో రాసుకున్నాను. "ఎండాకాలం ఉంటారట." ఆ "ట" ఉన్నంతవరకు అది మాట మాత్రమే. ఎక్కి చూస్తేనే మ్యాపు మీదికి వస్తుంది. పొయ్యిలో మసి ఉందా, దొడ్లో పెంట ఉందా, చూడడానికి గంటన్నర నడక.

నేను ఎక్కలేదు. తల పగిలిపోతోంది, నిజమే. మంచు మబ్బు కమ్ముతోంది, అదీ నిజమే. కానీ అసలు సంగతి, నాకు సోమవారం నుంచి లీవు. ఆ రోజే కిందికి దిగితే ట్రక్కు దొరుకుతుంది, ఆదివారానికి ఢిల్లీ, అక్కడినుంచి భిలాయి పక్కనే ఉన్న దుర్గ్‌కి బండి. ఇంటికి వెళ్ళి ఏడాది దాటింది.

రమణ ముందుకొచ్చాడు. "సార్, ఏక్ ఘంటే కా కామ్ హై. మీరు కూర్చోండి, నేను ఎక్కి చూసొచ్చేస్తాను. ఆ బుడియా చెప్పింది కదా, గర్మీలో ఊరంతా పైనే అని."

"అక్కర్లేదురా. కప్పులు లేని కొంపలు. ఏముంటుంది అక్కడ?" అన్నాను.

వాడు నవ్వి ఊరుకున్నాడు. మొహమాటానికి నవ్వే నవ్వు. సుబేదారుతో నాయక్ అంతకంటే ఏం అంటాడు?

ఆ సాయంత్రం టెంటులో మ్యాపు షీటు మీద గుట్ట దగ్గర "పాడుబడ్డ ఇళ్ళు" అని రాసి, మా పద్ధతి ప్రకారం చుక్కలతో గుర్తు పెట్టాను. కింది ఇరవై ఇళ్ళకి మాత్రం ఊరి గుర్తు. లీవులో వచ్చి ఇక్కడ నెలరోజులు హాయిగా తిన్నాను, పడుకున్నాను.

నాలుగు లైన్ల వార్త

ఆ చలికాలంలోనే మా షీటు నకళ్ళు అక్కడి సరిహద్దు పోస్టుకి వెళ్ళాయి. వసంతంలో రెండు వైపులా అధికారులు బల్లకి చెరోపక్క కూర్చుని టీ తాగి ఒక మాట అనుకున్నారు. ఎవరి గస్తీ అయినా గ్రామం ఆఖరి ఇంటి దాకానే, ఆపైన అడుగు పెట్టకూడదు, తుపాకీ పేలకూడదు. మనవైపు ఆఖరి ఇల్లు అంటే నా మ్యాపులో వాగు పక్క ఇల్లు. అవతలివాళ్ళకి నా మ్యాపు ఏం తెలుసు? పైన మనిషి ఉంటాడని వాళ్ళకి తెలుసు. అందుకే వాళ్ళు ఆ మనుషుల్నే ఖాళీ చేయించాలనుకున్నారు. పైన ఇళ్ళే లేకపోతే ఊరు వాగు దగ్గరే ఆగిపోతుంది, గుట్ట తమదవుతుంది.

జూలైలో అవతలి సిపాయిలు గుట్ట మీదికి వచ్చి, గొర్రెల్ని తోలేసి, కప్పు కర్రలు పీకడం మొదలెట్టారు. ఒక ఆడమనిషి పరిగెత్తుకుంటూ దిగి ఆ పోస్టు నుంచి బయల్దేరిన రమణ గస్తీకి ఎదురొచ్చి కాళ్ళమీద పడింది. వాడు ఒక్క నిమిషం కూడా ఆలోచించి ఉండడు. ముసలావిడ మాట విన్న సైన్యంవాళ్ళం ఇద్దరమే, నేనూ వాడూ. నేను దాన్ని కొట్టిపారేశాను, వాడు గుర్తుపెట్టుకున్నాడు. వాడి లెక్కలో పైన పదకొండు ఇళ్ళు కూడా ఊరే. తొమ్మిదిమందితో ఎక్కాడు. ఇళ్ళ ముందు వరసగా నిలబడి పోస్టుకి రేడియోలో చెప్పాడు: "సాబ్, ఊరి ఆఖరి ఇంటి దగ్గరున్నాం. వాళ్ళు పాతికమంది."

పోస్టులో అధికారి మ్యాపు చూశాడు. ఆఖరి ఇల్లంటే వాగు పక్కన, పోస్టుకి కూతవేటు దూరం. అంత దగ్గరికి వాళ్ళు వచ్చి కొట్లాట పెట్టుకోరులే అనుకున్నాడు. "అక్కడే నిలబడండి. ఎవర్నీ దాటనివ్వకండి" అని ఆర్డరిచ్చి, వాగు పక్కకి నలుగుర్ని పంపాడు. ఆ నలుగురికి అక్కడ ఎవరూ కనబడలేదు.

రమణ నిలబడ్డాడు. ఆర్డరు నిలబడమని కదా. రాళ్ళు, కర్రలతో గంటసేపు కొట్టుకున్నారు. ఒక రాయి వాడి తలకి తగిలింది. అవతల కూడా ఒకడు పోయాడని తరవాత విన్నాం, వాడి పేరు ఎవరూ మాకు చెప్పలేదు. పేపర్లో నాలుగు లైన్లు వచ్చాయి. స్వల్ప ఘర్షణ అన్నారు. స్వల్పం!

అడిగినదానికే జవాబు

విచారణకి నన్ను పిలిచారు, మ్యాపు గీసినవాణ్ణి కదా. ముందురోజు మా మేజర్ సాబ్ తన గదికి రమ్మన్నాడు. మనిషి చెడ్డవాడు కాదు. నా కూతురు జబ్బు పడితే అడక్కుండానే లీవిచ్చిన మనిషి. "చూడు, అడిగినదానికి జవాబు చెప్పు. అడగనిది చెప్పకు. మ్యాపు తప్పు అంటే ఒక షీటుతో పోదు, మనం గీసిన ప్రతి షీటునీ అనుమానిస్తారు" అన్నాడు. చెడ్డ బాసులు మీ చేత తప్పు చేయించలేరు, వాళ్ళమీద కోపంతోనైనా మీరు ఎదురు తిరుగుతారు. మంచివాళ్ళ దగ్గరే జాగ్రత్తగా ఉండండి.

విచారణలో నన్ను అడిగినవి మూడే ప్రశ్నలు. ఈ షీటు మీరు చేసిందేనా? అవును సార్. దీనిమీద మీరు కొలిచిన పాయింట్లన్నీ సరైనవేనా? సరైనవే సార్. మృతుడు పడి ఉన్న చోటు గ్రామానికి బయటా లోపలా?

నోటుబుక్కు నా సంచీలో, కుర్చీ కిందే ఉంది. "ఎండాకాలం ఉంటారట" అన్న పేజీ మడతపెట్టి మరీ తెచ్చుకున్నాను. చెయ్యి చాపితే అందుతుంది.

"మ్యాపు ప్రకారం బయట సార్" అన్నాను.

మూడు జవాబుల్లోనూ అబద్ధం ఒక్కటీ లేదు. అలాంటి నిజాలు చెప్పడం నేర్చుకున్నవాడికి మా శాఖలో చాలా గౌరవం ఉంటుంది. నాకూ దక్కింది.

నాయక్ రమణ సొంత నిర్ణయంతో హద్దు దాటాడని రాశారు. పోస్టు అధికారి బతికిపోయాడు, నేనూ బతికిపోయాను. రమణ శవం వచ్చినరోజు దుర్గ్ నుంచి జాముల్ వైపు వాళ్ళ ఇంటి దాకా రోడ్డు పొడుగునా జనమేనట. జెండా కప్పారు, పూలు చల్లారు, మైకుల్లో మాట్లాడారు. ఆర్నెల్లకి విచారణ కాగితం వచ్చాక ఆ మైకులవాళ్ళు ఒక్కడూ ఆ ఇంటి గుమ్మం తొక్కలేదు.

ఇంకొకటి చెప్పాలి. ఆ గొడవ తరవాత రెండు సైన్యాలూ ఎవర్నీ గుట్ట ఎక్కనివ్వలేదు. మూడేళ్ళకి గోడలు కూలాయి. రిటైరయ్యే ముందు కొత్త షీటు నా చేతికే తనిఖీకి వచ్చింది. గుట్ట దగ్గర "పాడుబడ్డ ఇళ్ళు" అనే ఉంది. ఇప్పుడు అది నూటికి నూరుపాళ్ళు నిజం. సరిగ్గా ఉందని సంతకం పెట్టాను.

మైదానం రాయి

రిటైరై భిలాయి వచ్చేశాక పైడిరాజు గారు నన్ను వెతుక్కుంటూ వచ్చారు. కొడుకు ఉత్తరాల్లో నా పేరు ఉందట. ఆయన జాముల్ వైపు చిన్న ఇల్లు కట్టుకున్నారు. ఏడాదికి రెండు మూడుసార్లు సైకిలు మీద వస్తారు. వరండాలో కూర్చుని టీ తాగి, వెళ్ళే ముందు ఒక్కటే ప్రశ్న. "సుబేదారు బాబూ, మావోడు గీత దాటేడా, నేదా?"

"అక్కడ గీతలు అలా ఉండవు బాబాయ్" అని ఏదో చెప్పి పంపేవాణ్ణి. ఆయన తలూపి సైకిలు తీసేవారు. మా ఆవిడ మేరీ ఒకసారి గ్లాసు కడుగుతూ అంది. "ఇన్నేళ్ళుగా ఆయనకి టీ ఇచ్చి పంపుతున్నాం. ఏటి చెప్పి పంపేం?" నేను పేపరు తిరగేశాను. ప్రతి ఆదివారం చర్చిలో నిలబడి పాపాలు ఒప్పుకునే మనిషిని. ఈ పాపం మాత్రం ఆ వరసలోకి రాకుండా చూసుకున్నాను.

ఈ ఏడు మైదానం మూల ఒక రాయి పెట్టాలనుకున్నారు. ఈ ప్రాంతం నుంచి వెళ్ళి సరిహద్దులో పోయినవాళ్ళ పేర్లు చెక్కిస్తారు. మాజీ సైనికులం పదిమందిమి కమిటీ. చేతిరాత బాగుంటుందని పేర్ల జాబితా రాసే పని నాకే ఇచ్చారు. దేవుడికి వేళాకోళం తెలుసు.

జాబితాలో రమణ పేరు మూడోది రాశాను. అధ్యక్షుడు ఎర్ర సిరాతో కొట్టేశాడు. "కాగితంలో ఆర్డరు మీరాడని ఉంది భయ్యా. రేపు ఎవరైనా అడిగితే?"

అప్పుడు చెప్పాను. ముసలావిడ మాట, నేను ఎక్కకపోవడం, సోమవారం లీవు, కుర్చీ కింద నోటుబుక్కు, అంతా చెప్పాను. నోటుబుక్కు బల్లమీద పెట్టాను. అధ్యక్షుడు పేజీ చదివి మెల్లగా మూశాడు. "ఫైలు మూసేశారు భయ్యా. పెన్సిలు రాతతో దాన్ని తెరుస్తామా? అయినా ఇన్నేళ్ళ తరవాత మీరెందుకు మీ పేరు పాడుచేసుకోవడం?" అన్నాడు. చేతులెత్తమన్నారు. నాతో కలిపి రెండు చేతులు లేచాయి. పై అధికారులకి నా వాంగ్మూలం రాసి రిజిస్టరు పోస్టులో పంపాను. అందినట్టు రసీదు వచ్చింది. జవాబు రాలేదు.

రాయి నిలబెట్టారు. మూడో పేరు వేరేవాళ్ళది.

పైడిరాజు గారి ప్రశ్న

మే నెలలో పైడిరాజు గారు వచ్చారు. టీ తాగకముందే చెప్పేశాను. మీవాడు గీత దాటలేదు బాబాయ్, నేను తప్పు గీశాను అన్నాను. కమిటీకి చెప్పినవన్నీ ఆయనకీ చెప్పాను. తిడతారనుకున్నాను. కొట్టినా పడదామనుకున్నాను. మేరీ గుమ్మం దగ్గరే నిలబడిపోయింది.

ఆయన సైకిలు వైపు చూస్తూ అన్నారు, కోపంగా కూడా కాదు.

"మే నెలొస్తే సెక్టారులో మా ఈదంతా తాళాలే కదేటి బాబూ. సామాన్లు కట్టుకునీసి, పిల్లల్నేసుకునీసి, సొంతూళ్ళకి పోడానికి అందరం దుర్గ్ టేసనుకి పోయేవోళ్ళం. మళ్ళీ జూన్ల వొచ్చి తాళాలు తీసేవోళ్ళం. అలగని మా ఈది పాడుబడిపోనాదని ఎవుడైనా రాసేడేటి?"

నేనూ ఆ ప్లాంటు క్వార్టర్లలోనే పెరిగాను. మే నెలలో తాళం వేసిన తలుపుల ముందు క్రికెట్టు ఆడుకున్నాను. ఆ వీధులు నాకు గుట్ట కింద గుర్తు రాలేదు.

"మావోడు ఎక్కుతానన్నాడా ఆ రోజు?" అని అడిగారు.

"అన్నాడు బాబాయ్. నేనే వద్దన్నాను."

"ఊఁ" అన్నారు. కండువాతో మొహం తుడుచుకున్నారు. "ఒక కాయితం మీద గీసి ఇయ్యి బాబూ ఆ ఊరు. నువ్వు గీసేవోడివే కదా. ఆ రాయి మీద ఆడి పేరు ఎలగూ నేదు. ఇంట్ల ఎట్టుకుంటాను" అన్నారు.

మేరీ కాగితం, పెన్సిలు తెచ్చింది. వాగు గీశాను. ఇరవై ఇళ్ళు గీశాను. గుట్ట గీసి, దాని మీద పదకొండు ఇళ్ళు పెట్టి, మొత్తం కలిపి చుట్టూ ఒకే గీత గీసి "ఊరు" అని రాశాను. ముప్ఫై ఏళ్ళలో అంత శ్రద్ధగా ఏ షీటూ గీయలేదు.

ఆయన కళ్ళజోడు పెట్టుకుని కాగితాన్ని ఒళ్ళో పరుచుకున్నారు. వేలితో వాగు నుంచి మెల్లగా పైకి పోయారు. పదకొండు ఇళ్ళ దగ్గర వేలు ఆగింది.

"ఇందుల ఏ ఇంటి కాడ పడిపోనాడు బాబూ మావోడు?"

నేను కాగితం వైపు చూశాను. ఏ ఇల్లు ముందుందో, ఏది వెనకుందో, ఏ గుమ్మం ఎటు తిరిగి ఉందో నాకు తెలియదు. తెలియకుండానే పదకొండూ వరసగా పెట్టేశాను, రెండోసారి కూడా.

"తెలీదు బాబాయ్" అన్నాను. "నేనక్కడికి ఎక్కలేదు."